బావి ఒరలో మొలిచిన ఫెర్న్ మందవుతుందా?

ప్రశ్న: మా పెరటి బావి ఒరల సందుల్లో నల్లని సన్నటి కాడలున్న ఫెర్న్ మొక్కలు ఏటా వానాకాలంలో గుబురుగా మొలుస్తాయి. వాటి కషాయం దగ్గుకే కాక మధుమేహానికి కూడా పనిచేస్తుందని, పరిశోధనల్లో తేలిందని మా బంధువు ఒకరు చెబుతున్నారు. మా అమ్మగారు చాలా ఏళ్లుగా చక్కెర జబ్బుకు మాత్రలు వాడుతున్నారు. ఆమెకు ఇవ్వవచ్చా? అసలు ఫెర్న్‌తో నయమైన జబ్బు ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: కాడ నల్లగా నిగనిగలాడుతూ, ఆకు మీద చిలకరించిన నీళ్లు అంటకుండా దొర్లిపోతుంటే అది అడియాంటం ప్రజాతి మొక్క కావచ్చు. గ్రీకులో ఆ పేరుకు 'తడవనిది' అనే అర్థం. ఈ ప్రజాతిలో ఒకదానిని ఆయుర్వేదంలో హంసపది అంటారు. మరొకదానిని యునానీ వైద్యులు పర్సియావుషాన్ పేరుతో దగ్గు మందుల్లో వాడతారు. ఫ్రాన్సులో కూడా ఒకప్పుడు దానితో పాకం కాచి దగ్గుకు ఇచ్చేవారు.

మధుమేహం సంగతి వేరు. ఈ మొక్కల సారం ఇచ్చిన ఎలుకల్లో రక్తంలోని చక్కెర తగ్గినట్లు ప్రయోగాలు ఉన్న మాట నిజమే. కాని అక్కడ ఇచ్చేది కొలత ప్రకారం తీసిన సారం, ఇంట్లో కాచేది గుప్పెడు ఆకుల నీళ్లు. ఒకవేళ నిజంగానే పనిచేస్తే చిక్కు ఇంకా పెద్దది. మాత్రా కషాయమూ కలిసి చక్కెరను దించితే పెద్దావిడ చెమటలు పట్టి, కళ్లు తిరిగి పడిపోవచ్చు. అందువల్ల మాత్రలు ఆపకండి, వైద్యుడికి చెప్పకుండా కషాయం మొదలుపెట్టకండి.

ఇక ఫెర్న్‌తో నయమైన జబ్బు ఒకటి నిస్సందేహంగా ఉంది, అది పేగుల్లో చేరే బద్దెపురుగు (టేప్‌వార్మ్). యూరప్‌లో విరివిగా పెరిగే 'మేల్ ఫెర్న్' కొమ్మును (నేలలోని దుంపలాంటి కాండాన్ని) ప్రాచీన గ్రీకులు ఇందుకు వాడారు. ఈ మందునే రహస్యంగా అమ్ముకుంటున్న నూఫర్ అనే వితంతువు దగ్గర ఫ్రాన్సు రాజు పదహారవ లూయీ 1775లో 18,000 లీవ్‌ర్‌లు ఇచ్చి ఆ తయారీ విధానాన్ని కొన్నాడు. కొమ్ములోని ఫ్లోరోగ్లూసినాల్ సంబంధిత పదార్థాలు పురుగు కండరాలను చచ్చుబడేలా చేయగా అది పేగు గోడను పట్టుకున్న పట్టు వదిలేస్తుంది, ఆ తర్వాత ఇచ్చే విరేచనం మందు దానిని బయటికి నెట్టేస్తుంది. మన ఇళ్లలో కడుపులో పురుగులంటే ఆముదం తాగించడం పాత అలవాటు. ఇక్కడ మాత్రం ఆముదమే ప్రమాదం, ఎందుకంటే ఆ పదార్థాలు నూనెలో కలిసి పేగులోంచి రక్తంలోకి చేరతాయి. అందుకే విరేచనానికి లవణాలు ఇచ్చేవారు. మోతాదు మించిన రోగుల్లో కొందరికి చూపు పోయింది, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. నిక్లోసమైడ్, ఆ తర్వాత ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందులు వచ్చాక వైద్యులు ఈ మందును పక్కన పెట్టేశారు. నా దృష్టిలో అది సరైన పనే.

మధ్య అమెరికాకు చెందిన పాలీపోడియం ల్యూకోటోమోస్ అనే ఫెర్న్ సారంతో చేసిన గొట్టం మాత్రలు ఎండ తగిలితే చర్మంపై దద్దుర్లు వచ్చేవారికి కొంత ఉపయోగపడుతున్నాయి. అన్నిటినీ ఒకే గాటన కట్టలేమనడానికి బ్రాకెన్ ఫెర్న్ చాలు. అందులోని టాక్విలోసైడ్ అనే విషపదార్థం వల్ల దానిని ఎక్కువ కాలం మేసిన పశువులకు మూత్రాశయంలో కణుతులు వచ్చి, మూత్రంలో రక్తం పడుతుంది.

మీ బావి విషయంలో మరో జాగ్రత్త అవసరం. పాత ఇటుక గోడల సున్నంలో ఇష్టంగా పెరిగే టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ నేలలోని ఆర్సెనిక్ అనే విషాన్ని పీల్చి ఆకుల్లో పెద్ద మొత్తంలో దాచుకుంటుందని 2001లో అమెరికా శాస్త్రజ్ఞులు వెల్లడించారు. దాని ఆకులు నిచ్చెన మెట్లలా ఇరువైపులా పొడుగ్గా, సన్నగా ఉంటాయి, కాడ నల్లగా ఉండదు. హంసపది పక్కన అదీ మొలిచి ఉంటే, వెలుతురు చాలని బావిలో గుప్పెడు ఆకులు కోసేవారికి ఏది ఏదో తెలియదు.