ఈస్టర్‌కి క్రాకోవ్ ట్రిప్, కొలీగ్ ఇంట్లో భోజనం: ఏం చేయాలంటే

పోలండ్‌లో వార్సా నుంచి ఏప్రిల్ 4 శనివారం సాయంత్రం క్రాకోవ్ రైలెక్కి, 5న, ఈస్టర్ ఆదివారం, కొలీగ్ వాళ్లింటికి వెళ్లి, 6 సోమవారం రాత్రికి తిరిగొచ్చేస్తానన్నారు కదా, ప్లాన్ బాగుంది గానీ తిరుగు ప్రయాణం మాత్రం 7కి మార్చుకోండి. సోమవారం కూడా సెలవే, సాయంత్రానికి ఊళ్లకెళ్లిన వాళ్లంతా ఒకేసారి వెనక్కి వస్తారు, సీటు రిజర్వ్ చేసుకోకపోతే తలుపు దగ్గర బ్యాగు మీద కూర్చోవాల్సిందే, నా అనుభవం.

శనివారం మధ్యాహ్నం రెండింటికే షాపులు మూసేస్తారు, మళ్లీ మంగళవారమే. ఏదో చిన్న జాబ్కా కొట్టు (అక్కడి కిరాణా కొట్ల చైన్) తెరిచి ఉండొచ్చు, దాన్ని నమ్ముకోకండి. పాలు, బ్రెడ్ ముందే కొని పెట్టుకోండి. వీలైతే రైలు కూడా పొద్దున్నదే పట్టుకోండి, గుడ్లు, ఉప్పు, సాసేజ్, చక్కెరతో చేసిన గొర్రెపిల్ల బొమ్మ ఉన్న చిన్న బుట్టలు పట్టుకుని జనం చర్చికి వెళ్లడం చూస్తారు.

వాళ్లింట్లో ఆదివారం గుడ్డు ముక్కలు పంచుకుని శుభాకాంక్షలు చెప్పుకున్నాకే తింటారు, మీరూ ఆగండి. పువ్వులు తీసుకెళ్తే బేసి సంఖ్యలోనే, చామంతులు వద్దు, అవి సమాధుల దగ్గర పెట్టేవి. గుమ్మం మీద నిలబడి చేయి కలపకండి, లోపలికి అడుగు పెట్టాకే. శాకాహారులైతే ఈరోజే చెప్పేయండి, జురెక్ సూప్‌లో సాసేజ్ ఉంటుంది, అప్పటికప్పుడు చెబితే పాపం వంట చేసే ఇంటావిడ కంగారుపడుతుంది.

ఇంకోటి, సోమవారం పిల్లలు నీళ్లు కుమ్మరిస్తారు, మన హోలీ టైపే, రంగులుండవంతే. ఫోన్ కవర్లో పెట్టుకోండి.