మైనస్ వచ్చిందని రబ్బరు అందుకోకు

గాజువాక,
ఆదివారం పొద్దున్న

చిరంజీవి అమ్మడూ,

మావయ్య ఆశీస్సులు. కరెంటు సర్క్యూట్ల మీద కిర్కాఫ్ నియమాల లెక్కలో మార్కులు పోయాయని నిన్న ఫోనులో సగం ఏడుపు, సగం కోపంతో నువ్వు చెప్పిందంతా విన్నాను. పక్కనుంచి మీ అమ్మ "దానికి లెక్కలంటే భయంరా" అంటోంది. నాకలా అనిపించలేదు. నువ్వు వాట్సాప్‌లో పంపిన పేజీని కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూశాను. ఈక్వేషన్లు బాగానే రాశావు. జవాబు మైనస్ 1 ఆంపియర్ అని వచ్చింది. దాన్ని రబ్బరుతో చెరిపి ప్లస్ చేశావు. చెరిపిన మచ్చ ఫోటోలో కూడా కనబడుతోంది. నీ మార్కులు పోయింది అక్కడే.

"కరెంటుకి మైనస్ ఎలా ఉంటుంది మావయ్యా?" అన్నావు. సర్క్యూట్ చూడగానే కరెంటు ఏ వైపు పోతోందో మనకి తెలిసిపోతే ఇక లెక్కెందుకు? తెలీదు కాబట్టే, ఇటు పోతోందనుకుందాం అని ఒక బాణం గీస్తాం. జవాబు ప్లస్ వస్తే మనం అనుకున్న వైపే పోతున్నట్టు, మైనస్ వస్తే ఎదురు పోతున్నట్టు. బాణం ఎటు గీసినా ఫర్వాలేదు గానీ, గీశాక లెక్క మధ్యలో తిప్పకూడదు. చాలామంది పిల్లలు తిప్పేస్తారు, తిప్పామన్న సంగతి వాళ్ళకే తెలీదు.

ఆ లెక్కే మళ్ళీ చేద్దాం, పెన్ను తీసుకో. ఎడమ పక్క 12 వోల్టుల బ్యాటరీ, దానికి సిరీస్‌లో 2 ఓంలు. కుడి పక్క 6 వోల్టుల బ్యాటరీ, దానికీ 2 ఓంలు. రెండిటి ప్లస్‌లూ పైన ఒక జంక్షన్‌లో కలుస్తున్నాయి. అక్కణ్ణించి మధ్యలో 8 ఓంల రెసిస్టర్ కిందికి దిగి, రెండు మైనస్‌లతో కలుస్తోంది. ఎడమనుంచి జంక్షన్‌లోకి వచ్చే కరెంటు ఐ1, కుడినుంచి వచ్చేది ఐ2 అనుకుందాం.

జంక్షన్ సంగతి తేలిక. ఎంత వస్తే అంత పోవాలి. దీన్ని మన వైజాగ్ ఎన్‌ఏడీ జంక్షన్‌తో పోల్చి చెబుదామనుకున్నాను గానీ, ఫ్లైఓవర్ కట్టకముందు అక్కడ బళ్ళు ఎలా ఇరుక్కుని నిలబడిపోయేవో గుర్తొచ్చి మానేశాను. జంక్షన్‌లో కరెంటు నిలవ ఉండదు. కాబట్టి 8 ఓంలలో పోయేది ఐ1 + ఐ2. దానికి ఐ3 అని ఇంకో పేరు పెట్టి ఇంకో ఈక్వేషన్ పెంచుకోకు.

లూప్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. లూప్ అంటే సర్క్యూట్‌లో ఒక చోట బయల్దేరి, చుట్టి, మళ్ళీ అక్కడికే వచ్చే దారి. నిరుడు ఆషాఢంలో అమ్మతో కలిసి సింహాచలం గిరి ప్రదక్షిణ చేశావు కదా? కొండ కింద తొలిమెట్టు, అదే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, 32 కిలోమీటర్లు నడిచి, మళ్ళీ తొలిపావంచాకే వచ్చావు. దారిలో ఎక్కిందెంత, దిగిందెంత అని విడివిడిగా రాసి ఉంటే రెండూ సమానంగా తేలేవి. బయల్దేరిన చోటికే వచ్చినప్పుడు ఎత్తులో తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది? వోల్టేజీ కూడా ఆ ఎత్తులాంటిదే. బ్యాటరీలో మైనస్ నుంచి ప్లస్‌కి నడిస్తే ఎక్కడం. రెసిస్టర్‌లో కరెంటు బాణంతోపాటు నడిస్తే దిగడం. బాణానికి ఎదురు నడిస్తే ఎక్కడం. ఈ మూడోదే అందరూ మర్చిపోయేది. రెసిస్టర్ అంటే ఎప్పుడూ మైనసే అని గుడ్డిగా రాసేస్తారు.

ఎడమ లూప్: 12 = 2×ఐ1 + 8×(ఐ1 + ఐ2), అంటే 10×ఐ1 + 8×ఐ2 = 12. కుడి లూప్: 6 = 2×ఐ2 + 8×(ఐ1 + ఐ2), అంటే 8×ఐ1 + 10×ఐ2 = 6. రెండూ సాధిస్తే ఐ1 = 2, ఐ2 = మైనస్ 1. మధ్యలో 1 ఆంపియర్, దాని మీద 8 వోల్టులు.

ఇప్పుడు ఆ మైనస్‌ని చదువు. జంక్షన్ దగ్గర 8 వోల్టులున్నాయి, కుడి బ్యాటరీ 6 వోల్టులదే. ఇక అది కరెంటెలా ఇస్తుంది? తీసుకుంటుంది. ఆ బ్యాటరీ చార్జ్ అవుతోందన్నమాట! లెక్క నీకు ఇంత కబురు మోసుకొస్తే నువ్వు రబ్బరుతో తుడిచేశావు.

నీ పేజీలో ఇంకో గొడవ కూడా ఉంది. బయటి పెద్ద లూప్‌కి కూడా ఈక్వేషన్ రాసి, కలిపి, తీసి, చివరికి 0 = 0 తెచ్చుకుని పేజీ అంతా కొట్టేశావు. పాపం, నీ తప్పేం లేదు. పెద్ద లూప్ ఈక్వేషన్ మొదటి రెండిటినుంచే వస్తుంది, కొత్తగా చెప్పేదేమీ ఉండదు. దాన్ని సరిచూసుకోవడానికి దాచుకో. ఇంకా గట్టిగా చూడాలంటే వాట్లు లెక్కపెట్టు. 12 వోల్టుల బ్యాటరీ ఇచ్చేది 24. రెసిస్టర్లు తినేది 8, 2, 8. చార్జ్ అయ్యే బ్యాటరీ తీసుకునేది 6. మొత్తం 24. ఇలా పైసాతో సహా సరిపోతే పరీక్ష హాల్లో పక్కవాడి పేపరు వైపు చూడక్కర్లేదు.

జంక్షన్‌దీ లూప్‌దీ, ఈ రెండు నియమాలూ 1845లో చెప్పిన జర్మన్ శాస్త్రవేత్త కిర్కాఫ్‌కి అప్పటికి 21 ఏళ్ళు, ఇంకా కోనిగ్స్‌బర్గ్‌లో చదువుకుంటున్నాడు. అంటే నీకంటే నాలుగేళ్ళే పెద్ద.

కాగితం మీద ఇవన్నీ నాకూ వచ్చేవి. అయినా ఫిషింగ్ హార్బర్‌లో ఓసారి పరువు పోయింది. తెలిసినాయన బోటులో 12 వోల్టుల లైటు మినుకు మినుకుమంటోందని పిలిచాడు. బల్బు తీసి, హోల్డర్‌లో మీటరు పెట్టాను. 12.4 చూపించింది. వైరింగ్ బాగుంది, బల్బే పోయిందన్నాను. కొత్తది వేశాం, అదే మినుకు. ఇంకోటి వేశాం. ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇంటికొచ్చి పడుకున్నాక వెలిగింది. బల్బు తీసేశాక కరెంటే లేదు. కరెంటు లేకపోతే ఎంత చెడ్డ జాయింటయినా వోల్టేజీ తినదు, కరెంటుని ఓంలతో హెచ్చిస్తేనే కదా డ్రాప్, అంటే దారిలో పోయే వోల్టేజీ! మర్నాడు వెళ్ళి, లైటు వెలుగుతుండగా ఒక్కో ముక్క మీదా మీటరు పెట్టుకుంటూ లూప్ చుట్టొచ్చాను. బల్బు మీద 9.6. ప్లస్ వైపు వైరు మీద 0.3. మైనస్ వైపు బ్యాటరీ టెర్మినల్ దగ్గర 2.5. కూడితే 12.4. క్లాంపు విప్పితే లోపల ఉప్పుగాలికి పచ్చగా చిలుం పట్టి ఉంది. గీకి, బిగిస్తే లైటు ఫెళ్ళున వెలిగింది. ఆ రెండు కొత్త బల్బుల డబ్బులు నేనే ఇచ్చుకున్నాను.

లాబ్‌లో కూడా ఇదే పద్ధతి పెట్టుకో. వోల్టులు చూడాలంటే మీటరు పక్కన కలుపు, ఆంపియర్లు చూడాలంటే దారి తెంపి మధ్యలో కలుపు. ఆంపియర్ల మీద పెట్టిన మీటరుని బ్యాటరీ రెండు కొసలకీ ఆనిస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది. ఈ ప్రయోగాలేవీ ఇంట్లో ప్లగ్గు మీద చెయ్యకు, అక్కడున్నది 230 వోల్టులు. ఇంకోటి, రెసిస్టర్లు కిలో ఓంలలో ఇస్తే కరెంటు మిల్లీ ఆంపియర్లలో పెట్టుకో. హెచ్చిస్తే నేరుగా వోల్టులే వస్తాయి, సున్నాల బాధ తప్పుతుంది.

వచ్చే ఆదివారం కంచరపాలెంలో బస్సెక్కి ఇటు వచ్చెయ్. నా దగ్గర పాత స్కూటర్ 6 వోల్టుల బ్యాటరీ ఒకటి, 12ది ఒకటి ఉన్నాయి. లావుపాటి వైర్‌వౌండ్ రెసిస్టర్లు కూడా తీసి పెడతాను, వేడెక్కుతాయి, చెయ్యి పెట్టకు. నీ లెక్కే బల్ల మీద కడదాం. సరిగ్గా 1 ఆంపియర్ రాదులే, బ్యాటరీకి లోపల కూడా కొంత రెసిస్టెన్స్ ఉంటుంది. కుడి పక్క మీటరు మాత్రం నువ్వే పెట్టు. ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్ వైపు, నల్లది జంక్షన్ వైపు. అంకె ముందు చిన్న అడ్డగీత కనబడుతుంది.

అత్తయ్య నీకోసం పూతరేకులు దాచింది. చెరిపిన ఆ పేజీ కూడా తీసుకురా.

మీ మావయ్య