బీరువా జరిపిన సంగతే మొదటి పేజీలో ఉండాలి

ప్రశ్న: మాది హిందూపురం. పన్నెండేళ్ళుగా బెంగళూరు కె.ఆర్. పురంలో ఉంటున్నాం. మా అమ్మాయి బీఎల్‌ఐఎస్సీ (లైబ్రరీ సైన్సు డిగ్రీ) చేసి, ఒక ప్రైవేటు పాఠశాలలో రెండేళ్ళుగా లైబ్రేరియన్‌గా పనిచేస్తోంది. ఇప్పుడు దరఖాస్తు చేస్తున్న పెద్ద పాఠశాలలు బయోడేటాతో పాటు ఈ-పోర్ట్‌ఫోలియో, అంటే చేసిన పనుల నమూనాలను చూపే వెబ్ పేజీల లింకు కూడా పంపమంటున్నాయి. బొమ్మలు వేసేవారికైతే చూపడానికి ఏదో ఒకటి ఉంటుంది గానీ, పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే ఉద్యోగంలో చూపడానికి ఏముంటుంది? పిల్లలు ముట్టుకోవడం లేదని తెలుగు, కన్నడ కథల పుస్తకాల బీరువాను తలుపు దగ్గరికి జరిపించడం లాంటి చిన్నాచితకా పనులే తప్ప చెప్పుకోదగ్గవి ఏమీ లేవంటోంది. ఒకాయన 18,000 రూపాయలకు వెబ్‌సైటు చేసి పెడతానంటున్నాడు. ఇవ్వమంటారా?

జవాబు: ఇవ్వవద్దు. ఆయన చేసి ఇచ్చేది అందమైన చట్రం మాత్రమే. అందులో పెట్టవలసిన బొమ్మ మీ అమ్మాయి దగ్గరే ఉంది. మీరు చిన్నాచితకా పని అని రాసిన ఆ బీరువా సంగతే ఆమె పోర్ట్‌ఫోలియోకు మొదటి పేజీ కావాలని నా అభిప్రాయం.

ఎందుకంటే, పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలిచ్చి ఆ వరుసలో సర్దడానికి చాలా పాఠశాలల్లో వాడే డ్యూయీ దశాంశ వర్గీకరణలో కన్నడ సాహిత్యం 894.814 దగ్గర, తెలుగు సాహిత్యం 894.827 దగ్గర వస్తాయి. ఆ వరుసను ఉన్నదున్నట్టు పాటిస్తే 820ల్లోని ఇంగ్లీషు కథలన్నీ దాటి, గది చివరికి వెళితే తప్ప ఈ పుస్తకాలు కంటపడవు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు తరగతికి అరడజను మంది ఉన్నా, అక్కడిదాకా నడిచే ఓపిక రెండో తరగతి పిల్లవాడికి ఉండదు. మీ అమ్మాయి ఆ ఇబ్బందిని గమనించి, వరుసను కాదని పిల్లవాడి వైపు నిలబడింది. వర్గీకరణ నేర్చుకున్న వారు చాలామంది దొరుకుతారు; దానిని ఎప్పుడు పక్కన పెట్టాలో తెలిసిన వారి కోసమే పాఠశాలలు వెతుకుతుంటాయి.

ఆ పేజీలో నాలుగు సంగతులు ఉంటే చాలు: సమస్య ఏమిటో ఆమె ఎలా గుర్తించింది, ఏం చేసింది, ఆ తరువాత ఏం జరిగింది, ఏది కుదరలేదు. మూడవదానికి ఆధారం ఇష్యూ రిజిస్టరులోనే దొరుకుతుంది. పాఠశాలలో కోహా వంటి లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఉంటే, బీరువా జరపడానికి ముందు మూడు నెలల్లోనూ తరువాత మూడు నెలల్లోనూ ఆ వర్గపు పుస్తకాలు ఎన్ని బయటికి వెళ్ళాయో నివేదికగా తీసుకోవచ్చు. చేతిరాత రిజిస్టరే ఉంటే ఒక సాయంత్రం కూర్చుని లెక్కపెట్టుకోవచ్చు. అదే కాలంలో లైబ్రరీ పీరియడ్లు పెరిగి ఉంటే, ఆ పెరుగుదల అంతా బీరువా పుణ్యమని రాయకుండా, ఆ విషయం కూడా చెప్పాలి. నాలుగవ సంగతిని చాలామంది దాచిపెడతారు గానీ, చదివే ప్రిన్సిపాల్‌కు నమ్మకం కలిగేది సాధారణంగా అక్కడే.

ఇదే పద్ధతిలో మరో మూడు నాలుగు పనులు చాలు: ఒక లైబ్రరీ పీరియడ్ ప్రణాళిక, వార్షిక స్టాక్ వెరిఫికేషన్‌లో ఏ పుస్తకాలను ఎందుకు తీసివేయమన్నదీ, టీచరు అడిగిన పాఠానికి తయారు చేసి ఇచ్చిన పుస్తకాల జాబితా, చిన్న పిల్లలకు చెప్పిన ఒక కథ. సర్టిఫికెట్లన్నింటికీ కలిపి చివర ఒక్క పేజీ సరిపోతుంది. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్ గారి ఫొటో, దాని కింద ఆయన చెప్పిన ఐదు గ్రంథాలయ సూత్రాలు పెట్టి మొదలుపెట్టిన పోర్ట్‌ఫోలియోలు నేను లెక్కలేనన్ని చూశాను. ఆయన 1962లో డీఆర్‌టీసీ అనే గ్రంథాలయ శాస్త్ర శిక్షణ, పరిశోధన కేంద్రాన్ని స్థాపించిన బెంగళూరులో ఉంటూ ఆయనను తలచుకోవద్దని నేను అనను. కానీ ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలన్న మూడవ సూత్రం ఆ బీరువా పేజీలోనే కనబడుతున్నప్పుడు, ఫొటోతో పనేముంది?

ఇక జాగ్రత్తల విషయం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండని వారిని పిల్లలుగానే పరిగణించి, వారి సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. అందుచేత పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలు, పేర్లు, ఏ పిల్లవాడు ఏ పుస్తకం తీసుకున్నాడన్న వివరాలు ఎక్కడా రాకూడదు. అల్మరాలు, చేతులు, పిల్లలు వేసిన పేరులేని బొమ్మలు సరిపోతాయి. వాటికి కూడా ప్రిన్సిపాల్ లిఖితపూర్వక అనుమతి తీసుకోవడం మంచిది. కథల పుస్తకాల పేజీలను స్కాన్ చేసి పెట్టకూడదు. అయితే ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వెబ్‌సైటులోని కథలు ఓపెన్ లైసెన్సుతో, అంటే ఎవరైనా వాడుకోవడానికి, అనువదించడానికి ముందే ఇచ్చిన అనుమతితో వస్తాయి కనుక, వాటిలో ఒకదానిని మీ అమ్మాయి తెలుగులోకి అనువదించి పిల్లలకు వినిపించి ఉంటే, మూల రచయిత, చిత్రకారుల పేర్లు, లైసెన్సు వివరం రాసి నిశ్చింతగా పెట్టుకోవచ్చు. తెలుగు, కన్నడ, ఇంగ్లీషు మూడూ వచ్చిన లైబ్రేరియన్ అన్న సంగతి బయోడేటాలో ఒక వరుసగా ఉండిపోతుంది. ఇక్కడైతే కంటికి కనబడుతుంది.

తయారీకి గూగుల్ సైట్స్ చాలు, దానికి రుసుము లేదు. అయితే పాఠశాల ఇచ్చిన ఈ-మెయిల్ ఖాతాతో చేయవద్దని గట్టిగా చెప్పండి. ఉద్యోగం మానిన తరువాత ఆ ఖాతాను మూసివేస్తే రెండేళ్ళ శ్రమ దానితోనే పోతుంది. లింకును పంపే ముందు మీ ఫోనులో, ఆమె ఖాతా లేని చోట, తెరిచి చూడండి. అనుమతి కోరే తెర వస్తే షేరింగ్ సెట్టింగు సరిచేయాలి. అవే పేజీలను పీడీఎఫ్‌గా కూడా దాచుకోవాలి.

రిజిస్టరు లెక్కలు, అనుమతి పత్రం ఆమె ఆ పాఠశాలలో ఉన్నప్పుడే తీసుకోవాలి. రాజీనామా ఇచ్చాక అడగడం కష్టం. బీరువా ఇదివరకు ఎక్కడ ఉండేదో చూపే ఫొటో ఉండకపోవచ్చు. అలాగైతే ఒక తెల్లకాగితం మీద గది పటం గీసి, పాత చోటును, కొత్త చోటును బాణం గుర్తుతో కలిపి, ఆ కాగితాన్నే ఫొటో తీసి పెట్టమనండి.