పన్నెండు పాఠాలకు ఒకే పుట

శ్రీకాకుళం

చిరంజీవి అబ్బాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నాయనా, నీ ఉత్తరం అందింది. ఇద్దరే ఉపాధ్యాయులున్న బడిలో ఒకటి, రెండు తరగతులను ప్రధానోపాధ్యాయులు చూసుకుంటూ మూడు, నాలుగు, ఐదు తరగతులను నీకు అప్పగించారని, తెలుగు, ఇంగ్లీషు, గణితం, పరిసరాల విజ్ఞానం నాలుగింటికీ పాఠ్య ప్రణాళికలు రాయడంతోనే రాత్రులు గడిచిపోతున్నాయని, అంత రాసినా బడిలో జరిగేది మాత్రం వేరుగా ఉంటోందని రాశావు. నీ శ్రమలో లోపమేమీ లేదు. సబ్జెక్టుకొక నోటు పుస్తకం పెట్టుకుని దేనికది విడిగా రాస్తున్నావు కనుక, గణితం పుస్తకంలో మంగళవారం ఉదయం ఐదో తరగతికి భాగహారం చెప్పాలని ఉన్న సమయానికే ఇంగ్లీషు పుస్తకంలో మూడో తరగతికి కొత్త పద్యం ఉండిపోతోంది. ఏ పుస్తకానికి ఆ పుస్తకం సరిగానే ఉంటుంది కానీ, అన్నింటినీ మోయవలసిన ఆ ఒక్క రోజు ఏ పుస్తకంలోనూ కనబడదు.

ముందుగా కాలం లెక్క చూసుకో. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పని దినాలు, 800 బోధన గంటలు ఉండాలి. అంటే రోజుకు నాలుగు గంటలు, 240 నిమిషాలు. ప్రార్థన, హాజరు, మధ్యాహ్న భోజనం, పైవాళ్లకు పంపే వివరాల పని తీసివేస్తే నికరంగా నీ చేతిలో ఉంటుందని నమ్మదగినది అంతే. మూడు తరగతులకు నాలుగేసి సబ్జెక్టులంటే పన్నెండు పాఠాలు, పాఠానికి ఇరవై నిమిషాలు. ఈ లెక్కను పిల్లల వైపు నుంచి చూడు. ఒక్కో తరగతి దగ్గర నువ్వు ఉండేది రోజుకు ఎనభై నిమిషాలు, ఉండనిది నూట అరవై. మనం ప్రణాళికల్లో ఆ ఎనభై నిమిషాల గురించే పేజీలకు పేజీలు రాస్తాం. నువ్వు పక్క తరగతికి చెబుతున్న ఆ నూట అరవై నిమిషాల్లో వీళ్లు ఏం చేయాలో ఎక్కడా రాయం. అల్లరి పుట్టేది అక్కడే, చదువు జారిపోయేదీ అక్కడే. నువ్వు దగ్గర లేని తరగతి పనిని ముందు రాయి, నీ బోధన తరువాత రాయి అన్నదే నేను నీకు చెప్పదలచిన ప్రధానమైన మాట.

అందుకు ఒక పొడవాటి నోటు పుస్తకం తీసుకుని, ఎదురెదురుగా ఉన్న రెండు పుటలను ఒక వారానికి కేటాయించు. అడ్డంగా ఆరు రోజులు, ఒక్కొక్క రోజులో పీరియడ్లు, నిలువుగా మూడు తరగతులు. ఏ గడిలో నువ్వు స్వయంగా బోధిస్తావో దాని చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టు. కలిపి చెప్పే పాఠం కాకుండా, ఒకే సమయంలో రెండు తరగతులకు సున్నా పడితే ఆ వారం ప్రణాళిక ఇంకా పూర్తి కాలేదన్నమాట. సున్నా లేని గడులన్నింటిలో పిల్లలు సొంతంగా చేసే పని ఉండాలి. ఆ పని నిన్నో మొన్నో నేర్చినదై ఉండాలి తప్ప కొత్తది కాకూడదు. కొత్తదైతే ప్రతి రెండు నిమిషాలకూ ఒకరు నీ దగ్గరకు లేచి వస్తారు. సరిచూసుకునే దారి కూడా ముందే ఏర్పాటు చేసి ఉంచు. లెక్కలైతే జవాబుల అట్టను జట్టు నాయకుడి దగ్గర ఉంచవచ్చు, చదవడమైతే ఇద్దరిద్దరు ఒకరికొకరు చదివి వినిపించుకోవచ్చు. ముందుగా ముగించిన పిల్ల ఆ తరువాత ఏం చేయాలో కూడా ఆ గడిలోనే ఒక్క మాట రాసి ఉంచు. చురుకైన పిల్లలు ఖాళీగా కూర్చున్న పది నిమిషాలు తరగతి మొత్తాన్నీ కదిలించివేస్తాయి.

ఇక సబ్జెక్టుల సంగతి. నాలుగింటికీ ఒకే నమూనాలో ప్రణాళిక రాయమని శిక్షణలో చెప్పి ఉంటారు. తనిఖీకి చూపించే పుస్తకంలో అలాగే రాయి, అభ్యసన ఫలితాలు, కృత్యాలు, సామగ్రి, మూల్యాంకనం అన్నీ అందులో ఉండవలసినవే. అయితే నీ వారపు పుటలో మాత్రం ఒక్కొక్క సబ్జెక్టును దాని స్వభావాన్ని బట్టి వేరుగా చూడాలి.

గణితంలో వరుస తప్పడానికి వీలు లేదు. స్థాన విలువ రానివాడికి తీసివేత రాదు, తీసివేత, ఎక్కాలు రానివాడికి భాగహారం రాదు. కాబట్టి గణితం గడిలో పాఠం పేరు రాయడం వల్ల ప్రయోజనం లేదు, ఆ రోజు నల్లబల్ల మీద వేయబోయే లెక్కలనే రాయి. వాటిలో పిల్లలు తప్పనిసరిగా తప్పు చేసే లెక్క ఒకటి ఉండాలి. మూడో తరగతికి 507 నుంచి 238 తీసివేయమంటే చాలామంది ప్రతి స్థానంలోనూ పెద్ద అంకె నుంచి చిన్నదాన్ని తీసేసి 331 అని రాస్తారు. ఐదో తరగతికి 612ను 6తో భాగించమంటే మధ్యలో సున్నా వేయడం మరచి 12 అంటారు. ఈ తప్పు వస్తుందని ముందే రాసుకున్న రోజున కట్టలు, విడి పుల్లలు చేతికి అందేలా పెట్టుకుంటావు, పాఠం అక్కడ ఆగిపోదు. మూడు తరగతుల గణితాన్ని ఎప్పుడూ కలపవద్దు. తరగతికి అరగంట చొప్పున తొంభై నిమిషాలు విడిగా ఇవ్వు, అదీ భోజనానికి ముందే.

పరిసరాల విజ్ఞానం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. దాని పాఠాలను ఏడాదిలో కొంత ముందుకో వెనక్కో జరుపుకోవచ్చు, మూడు తరగతులనూ ఒకచోట కూర్చోబెట్టవచ్చు. నీ బడి వంశధారకు దగ్గరలో ఉంది కదా. ఒడిశా కొండల్లో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే ఆ నది వానాకాలంలో నిండుగా పారుతున్నప్పుడే నీటి పాఠం చెప్పు. మూడో తరగతి వారు నదిని, పడవను, గట్టును బొమ్మ గీసి పేర్లు రాస్తారు. నాలుగో తరగతి వారు తమ ఊరికి నీరు ఎలా వస్తుందో అయిదారు వాక్యాల్లో రాస్తారు. ఐదో తరగతి వారు జిల్లా పటంలో వంశధార, నాగావళి దారులను గుర్తించి ఒడ్డున ఉన్న ఊళ్లను పట్టికగా వేస్తారు. పాఠం ఒకటే, పని మాత్రం మూడు విధాలు. చేతివృత్తుల పాఠం వచ్చినప్పుడు పొందూరు ఖాదీ గురించి చెప్పు. అక్కడ పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడను వాడతారని చెబితే పిల్లలు ఆ పాఠాన్ని మరచిపోరు. పక్షుల పాఠం వచ్చినప్పుడు మన జిల్లాలోని తేలినీలాపురంలో విడిది చేసే గూడబాతులను తలచుకోకుండా ఎలా ఉంటాం? విడివిడిగా అరవై నిమిషాలు పట్టేది ఇలా కలిపితే నలభై నిమిషాల్లో ముగుస్తుంది. భోజనం తరువాత, ఆరుబయటకు తీసుకుపోయి చేయదగిన సబ్జెక్టు ఇదొక్కటే.

తెలుగు ప్రతిరోజూ ఉండాలి, ఉదయం మొదటి గంటలోనే ఉండాలి. ఇక్కడ తరగతిని పక్కన పెట్టి చదివే స్థాయిని చూడు. అక్షరాలు గుర్తించేవారు, పదాలు చదివేవారు, పేరా చదివేవారు, కథ చదివి చెప్పగలిగేవారు అని నాలుగు జట్లు చేస్తే ఐదో తరగతి పిల్లవాడు పదాల జట్టులోనూ, మూడో తరగతి పిల్ల కథల జట్టులోనూ కనబడవచ్చు. దానికి ఎవరినీ చిన్నబుచ్చవద్దు, పెద్ద పిల్లవాడికి బొమ్మల పుస్తకం ఇచ్చేటప్పుడు గొంతు తగ్గించి మాట్లాడు. పాఠ్యపుస్తకంలోని పాఠం వారానికి నాలుగు రోజులు, స్థాయిని బట్టి చదివించడం మాత్రం ఆరు రోజులూ సాగాలి. మన గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం కనుక, పిల్లలు ఇంట్లో అమ్మమ్మల దగ్గర విన్న కథలను తమ మాటల్లోనే చెప్పే పనిని ఆ వారానికి పెట్టుకో.

ఇంగ్లీషుకు మిగిలేది యాభై నిమిషాలు. మూడో తరగతికి ఇరవై, నాలుగు ఐదు తరగతులను కలిపి ముప్పై. గణితం, పరిసరాల విజ్ఞానం పుస్తకాలు ఇప్పుడు ద్విభాషా పుస్తకాలు, ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉన్నాయి. ఆ రోజు పరిసరాల విజ్ఞానంలో వచ్చిన నాలుగు ఇంగ్లీషు మాటలను వారపు పుటలో రాసుకుని, మరునాడు ఇంగ్లీషు పీరియడులో వాటితోనే వాక్యాలు చెప్పించు. సబ్జెక్టులను కలపడమంటే ఇంతవరకే. కలవని చోట బలవంతాన ముడిపెట్టి గణితంలోకి కథను, కథలోకి గణితాన్ని లాక్కురావద్దు, రెండూ చెడతాయి. మొత్తం కూడి చూడు, తెలుగు అరవై, గణితం తొంభై, పరిసరాలు నలభై, ఇంగ్లీషు యాభై, సరిగ్గా 240 నిమిషాలు.

ఏడాది ప్రణాళిక గురించి కొద్దిగా చెబుతాను. జూన్ నుంచి ఏప్రిల్ వరకు నెలకొక గీత గీసి, ముందుగా మన ప్రాంతంలో చదువు సాగని రోజులను గుర్తించు. వరి నాట్లు వేసే ఉభాల వారాల్లో, మళ్లీ కోతలప్పుడు పెద్ద పిల్లలు పొలానికో, ఇంట్లో పసిపిల్లను చూసుకోవడానికో ఆగిపోతారు. జీడితోటలున్న ఉద్దానం వైపు వేసవి మొదట్లో జీడి పిక్కలు ఏరడానికి పోతారు. దసరా, సంక్రాంతి సెలవులు సరేసరి. అన్నింటికన్నా ముఖ్యమైనది తుపాను. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న వచ్చాయి. మన తీరంలో అక్టోబరు, నవంబరు నెలలను నిండు నెలలుగా లెక్క వేసుకోకూడదు. భాగహారం, భిన్నాల వంటి కష్టమైన గణిత పాఠాలను జూలై, ఆగస్టు నెలల్లోనూ, మళ్లీ డిసెంబరులోనూ మొదలుపెట్టి, అక్టోబరుకు పునశ్చరణను ఉంచు. మూల్యాంకనాల తేదీలు తెలియగానే ఆ వారాల్లో కొత్త పాఠం వేయకు.

ప్రతి సాయంత్రం బడి నుంచి బయలుదేరే ముందు, కుర్చీలోంచి లేవకుండానే, ఆ రోజు గడుల పక్కన జరిగింది రాయి. ఏ పాఠం సగంలో ఆగింది, ఏ లెక్కలో ఎందరు తప్పారు, ఎవరు రాలేదు అన్నంత వరకు చాలు. ఇంటికి వచ్చాక రాద్దామనుకుంటే అది ఎన్నటికీ రాయబడదు. శనివారం చివరి గంటను ఏ సబ్జెక్టుకూ ఇవ్వకుండా ఖాళీగా ఉంచు. వారంలో జారిపోయినవన్నీ అక్కడికి చేరతాయి, జారినది ఏమీ లేకపోతే పిల్లలు గ్రంథాలయ పుస్తకాలు చదువుకుంటారు. పై వారపు పుటను గత వారం పక్కన రాసుకున్న మాటలు చూసి తయారు చెయ్యి, నిరుటి పుస్తకం చూసి మాత్రం చేయకు. నిరుడు ఐదో తరగతిలో ఉన్న పిల్లలు వేరు, వీళ్లు వేరు.

రాత్రులు మేలుకోవడం ఇక మానెయ్యి. ఉపాధ్యాయుడికి వారానికి 45 గంటల పని అని చట్టం చెప్పినప్పుడు సన్నాహక సమయాన్ని కూడా అందులోనే కలిపి చెప్పింది. పాఠానికి సిద్ధం కావడం నీ ఉద్యోగంలో భాగమే కనుక, సాయంత్రం బడిలోనే గంటసేపు కూర్చుని ఆ పని ముగించుకుని ఇంటికి వెళ్లు. ప్రధానోపాధ్యాయులతో కూడా ఈ మాట వినయంగా చెప్పి, వారి రెండు తరగతుల పుటను నీ పుట పక్కన పెట్టుకుంటే, వారు సమావేశానికి వెళ్లిన రోజున ఐదు తరగతులనూ నువ్వొక్కడివే చూడవలసి వచ్చినా ఏం చేయాలో తెలుస్తుంది. అటువంటి రోజు కోసం ఒక పుటను ఇప్పుడే విడిగా రాసి పుస్తకం అట్టకు లోపలివైపు అంటించు.

వచ్చే ఆదివారం మొదటి రెండు వారాల పుటలు రాసి, ఫొటో తీసి నాకు పంపు. నీ బోధన ఎలా ఉందో నేను చూడను. సున్నా లేని గడులనే ముందు చూస్తాను, అక్కడ పని స్పష్టంగా లేనిచోట గుర్తు పెట్టి అదే సాయంత్రం తిప్పి పంపుతాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ