గిట్ షార్ట్‌కట్లలో స్టేటస్ మెసేజ్‌లు ఎలా రాయాలి?

గిట్ (కోడ్‌లో జరిగే మార్పుల చరిత్రను దాచే టూల్) కమాండ్లను కలిపి షార్ట్‌కట్లు రాసుకున్నాను, ఏది కొట్టినా చివర ‘డన్’ అనే వస్తోంది, లోపల ఏం జరిగిందో తెలియట్లేదు అన్నారు. మా టీమ్ వాడే షార్ట్‌కట్లు నేనే చూసుకుంటాను కాబట్టి నాకు తెలిసింది చెప్తున్నా. మాటలు మార్చేముందు, ఆ ‘డన్’ ఎప్పుడు ప్రింట్ అవుతోందో చూడండి. కమాండ్ల మధ్య సెమికోలన్ పెడితే పుష్ (మన కోడ్‌ను సర్వర్‌కు పంపడం) ఫెయిలైనా తర్వాతి లైన్ నడుస్తుంది, దర్జాగా ‘డన్’ అనేస్తుంది. && వాడండి, ముందుది సక్సెస్ అయితేనే తర్వాతిది నడుస్తుంది.

అలాగని ఎగ్జిట్ కోడ్‌ను (కమాండ్ ముగిశాక ఇచ్చే అంకె, సున్నా అంటే సక్సెస్) కూడా గుడ్డిగా నమ్మలేం. మా దగ్గర ‘సింక్’ అని ఒకటుండేది: స్టాష్ (చేతిలో ఉన్న మార్పుల్ని పక్కన దాచడం), పుల్ (సర్వర్‌లోని కొత్తవి తెచ్చుకోవడం), స్టాష్ పాప్ (దాచినవి తిరిగి పెట్టడం). దాచడానికి మార్పులేవీ లేకపోతే గిట్ స్టాష్ ఆ ముక్క చెప్పి, సున్నా కోడ్‌తోనే బయటికొస్తుంది. వెనకే వచ్చే పాప్ మాత్రం ఎప్పటిదో పాత స్టాష్ ఉంటే దాన్ని తెచ్చి ఫైళ్లలో పడేస్తుంది. తను ఏనాడో వదిలేసిన కోడ్ మళ్లీ ఎక్కణ్ణుంచి ఊడిపడిందో తెలియక మా టీమ్‌లో ఒకతను తల పట్టుకున్నాడు. స్క్రీన్ మీదేమో ‘సింక్ పూర్తయింది’!

ఇప్పుడు ఆ మూడింటి బదులు పుల్‌కే రీబేస్ (మన కమిట్లను, అంటే సేవ్ చేసిన మార్పులను, కొత్తగా వచ్చినవాటి పైన పెట్టడం), ఆటోస్టాష్ (దాచడం, తిరిగి పెట్టడం గిట్టే చేయడం) ఆప్షన్లు ఇచ్చాం. మెసేజ్ ఇలా వస్తుంది: ‘మెయిన్‌లోకి 3 కొత్త కమిట్లు వచ్చాయి. మీ 2 ఫైళ్ల మార్పులు అలాగే ఉన్నాయి.’ కొత్తవేమీ రాకపోతే ‘కొత్త కమిట్లు లేవు, ఏదీ మారలేదు.’ ఇది సక్సెస్, ఫెయిల్ రెండింటికీ వేరైన మూడో సంగతి. చాలామంది దీన్ని వదిలేస్తారు. మార్పులు తిరిగి పెట్టేటప్పుడు కాన్‌ఫ్లిక్ట్ (ఒకే చోట రెండు వేర్వేరు మార్పులు ఢీకొనడం) వస్తే అవి స్టాష్‌లో భద్రంగా ఉన్నాయని గిట్టే చెబుతుంది. ఆ లైన్‌ను మీ షార్ట్‌కట్ మింగేయకుండా చూడండి.

నాకు బాగా నచ్చే మెసేజ్ గిట్‌లోనే ఉంది. బ్రాంచ్ (కోడ్‌లో విడిగా నడిచే పాయ) డిలీట్ చేస్తే పేరుతో పాటు అది ఏ కమిట్ దగ్గర ఉండేదో హ్యాష్ (ఆ కమిట్ గుర్తింపు కోడ్) కూడా చూపిస్తుంది. పొరపాటున తీసేసినా, ఆ హ్యాష్‌తో బ్రాంచ్‌ను మళ్లీ సృష్టించుకోవచ్చు. అలాంటి లైన్‌ను క్వయట్ ఆప్షన్‌తో నొక్కేసి, ‘బ్రాంచ్ తీసేశాం’ అని మన సొంత మాట వేసుకోవడం దండగ.

ఇంకోటి. మీ బ్రాంచ్ రిమోట్‌తో (సర్వర్‌లోని కాపీతో) సమానంగా ఉందని గిట్ స్టేటస్ అంటే, చివరిసారి ఫెచ్ చేసినప్పటి (సర్వర్ నుంచి తాజా సమాచారం తెచ్చుకున్నప్పటి) రిమోట్‌తో అని అర్థం. సర్వర్‌ను అది అప్పటికప్పుడు అడగదు. షార్ట్‌కట్‌లో ఫెచ్ లేకుండా ‘అంతా అప్‌డేట్‌గా ఉంది’ అని రాయకండి.

రంగులు, టిక్ మార్కులు మీ ఇష్టం. కాకపోతే అవుట్‌పుట్ టెర్మినల్‌కు కాకుండా ఫైల్‌లోకి వెళ్తుంటే రంగులు ఆపేయండి, లేకపోతే లాగ్ నిండా పిచ్చి అక్షరాలే.