అమ్మ కంట్లో ట్యూబ్ పెడతామంటున్నారు

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు. గ్లకోమాతో (నీటికాసులు) ఎడమకంటి చూపు దాదాపు పోయింది. కుడికంటికి ట్రాబెక్యులెక్టమీ (కంట్లోని నీరు పోవడానికి కొత్త దారి వేసే ఆపరేషన్) చేసినా, మూడు రకాల చుక్కలు వేస్తున్నా కంటి ప్రెషర్ మళ్లీ 30 దాటింది. ఇప్పుడు వాల్వ్ ఉన్న ట్యూబ్ అమర్చాలంటున్నారు. కంట్లో ప్లాస్టిక్ ఇముడుతుందా? చూపు తిరిగొస్తుందా? అమ్మ చాలా టెన్షన్ పడుతోంది.
– ఒక పాఠకురాలు

జవాబు: రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతానమ్మా. పోయిన చూపు తిరిగి రాదు. గ్లకోమా దెబ్బతీసేది కంటి నరాన్ని. దాన్ని బాగుచేసే వైద్యం ఇంకా లేదు. ఈ ఆపరేషన్ మిగిలిన చూపును నిలబెట్టడానికే. ఈ మాట అమ్మగారికి ముందే చెప్పండి. కట్టు విప్పగానే అంతా కనిపిస్తుందని ఆశపడ్డవాళ్లు తర్వాత కుంగిపోయి చుక్కలు కూడా మానేయడం నేను చూశాను.

ఇక ట్యూబ్ సంగతి. అది సన్నని సిలికాన్ గొట్టం. ఒక కొస కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) వెనకున్న నీటి గదిలో ఉంటుంది. రెండో కొస చిన్న ప్లేటుకు అతికి ఉంటుంది. ఆ ప్లేటును పైరెప్ప కింద, తెల్లగుడ్డు మీద బాగా వెనక్కి కుడతారు. లోపల ఎక్కువైన నీరు ప్లేటు చుట్టూ చేరి అక్కడి కణజాలంలోకి ఇంకిపోతుంది. బయటికి కారదు. గొట్టం ఒరుసుకోకుండా దానిమీద సాధారణంగా నేత్రదాత నుంచి తీసిన పొర ముక్క కప్పుతారు. సిలికాన్‌ను కన్ను బాగానే భరిస్తుంది. ఆంటొనీ మోల్టెనో అనే కంటి సర్జన్ ఇలాంటి ఇంప్లాంటును 1960ల్లోనే రూపొందించారు. మొదటి ఆపరేషన్‌తో వేసిన దారి మచ్చకట్టి మూసుకుపోయినవాళ్లకు మేం ఎక్కువగా ఎంచుకునేది ఇదే.

వాల్వ్ ఉన్న ట్యూబుల్లో ఒకటైన అహ్మద్ వాల్వ్ అయితే ప్రెషర్ సుమారు 8–12 ఉన్నప్పుడు తెరుచుకునేలా తయారుచేశారు. అందుకే మొదటిరోజే ప్రెషర్ దిగుతుంది. బేర్‌వెల్ట్ లాంటి వాల్వ్ లేని రకంలో గొట్టాన్ని దారంతో బిగిస్తారు. అది కరిగి దారి తెరుచుకోవడానికి ఐదారు వారాలు పడుతుంది.

చాలామంది భయపడేది రెండో నెలలో. ప్లేటు చుట్టూ పొర మందంగా కట్టి, దిగిన ప్రెషర్ మళ్లీ పెరగొచ్చు. వాల్వ్ రకంలో ఇది తరచూ కనిపిస్తుంది. ఆపరేషన్ ఫెయిలైందని దయచేసి అప్పుడే అనుకోకండి. చుక్కలు వేస్తూ గమనిస్తే చాలామందిలో అది సర్దుకుంటుంది. తర్వాత కూడా ఒకటి రెండు చుక్కలు కొనసాగాల్సి రావడం మామూలే.

ప్రమాదాలు లేవని అనను. ప్రెషర్ మరీ పడిపోవచ్చు, ఒకటి రెండుగా కనిపించవచ్చు, ఏళ్లు గడిచాక కార్నియా మసకబారవచ్చు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది పైపొర అరిగి గొట్టం బయటపడటం. ఆ దారిన కంట్లోకి ఇన్ఫెక్షన్ వెళ్లొచ్చు. ఎన్నేళ్ల తర్వాతైనా సరే, నొప్పి, ఎరుపు, పుసి వచ్చినా, చూపు ఒక్కసారిగా తగ్గినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. కన్ను నలపనివ్వకండి.

ఆపరేషన్ రోజు వరకూ ఇప్పటి చుక్కలు ఆపొద్దు. మీరూ, మీ తోబుట్టువులూ కూడా ప్రెషర్, కంటి నరం పరీక్ష చేయించుకోండి. గ్లకోమా రక్తసంబంధీకుల్లో రావడానికి అవకాశం ఎక్కువ.