సమాధానం: నిరుద్యోగమే కారణమైతే తీవ్ర మితవాద (ఫార్ రైట్) పార్టీలు బ్రిటన్‌లో ఎందుకు గెలవలేదు?

రాజోలు తమ్ముడూ, నిరుద్యోగం, వలసలు ఉన్నచోటల్లా తీవ్ర మితవాద పార్టీలు గెలుస్తాయని నీ నోట్సులో ఉంది, బ్రిటన్ దగ్గర అది ఎందుకు కుదరలేదని అడిగావు. అది సగం జవాబే. వరద ఒకటే అయినా లంకలు మునుగుతాయి, ఏటిగట్టు వెనక ఊళ్లు నిలుస్తాయి. ఇక్కడ గట్టు ఎన్నికల పద్ధతి.

ఫ్రాన్స్ చూడు, ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. 1986లో దామాషా పద్ధతిలో, అంటే ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు పంచే పద్ధతిలో, అక్కడి తీవ్ర మితవాద పార్టీ నేషనల్ ఫ్రంట్‌కు 35 సీట్లు వచ్చాయి. 1988లో మళ్లీ నియోజకవర్గాల వారీగా రెండు విడతల పోలింగ్ పెట్టారు; మొదటి విడతలో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే ముందున్నవాళ్ల మధ్య రెండో విడత. ఓట్లు దాదాపు అంతే, సీటు మాత్రం ఒక్కటి! బ్రిటన్‌లో మనలాగే నియోజకవర్గంలో అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లదే సీటు, ఫలితం అక్కడా ఇంతే: 2015లో వలసలను వ్యతిరేకించే యూకిప్ పార్టీకి 12.6 శాతం ఓట్లు, 650లో ఒకే సీటు.

పద్ధతి ఒక్కటే చాలదు, మిగతా పార్టీలు ఏం చేస్తాయన్నదీ చూడాలి. 2002 ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నికల్లో నేషనల్ ఫ్రంట్ నేత లె పెన్ రెండో విడతకు వస్తే వామపక్ష ఓటర్లు సైతం ఆయన ప్రత్యర్థి, మితవాది షిరాక్‌కే వేశారు, షిరాక్‌కు 82 శాతం వచ్చింది. ఆస్ట్రియాలో మాత్రం 2000లో సంప్రదాయవాద పీపుల్స్ పార్టీయే తీవ్ర మితవాద ఫ్రీడమ్ పార్టీతో కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేసింది. నా దృష్టిలో అది పెద్ద తప్పు.

పరీక్షలో పోర్చుగల్ వదలకు. నియంతృత్వపు జ్ఞాపకాలే అక్కడ రక్ష అనేవారు. కానీ ఆ రక్ష నిలవలేదు: అక్కడి తీవ్ర మితవాద పార్టీ షేగాకు 2019లో 1 సీటు, 2025లో 60.